ఒకే ఇంట్లో రెండు భయాలు: తాతా మనవళ్ల కేస్ స్టడీ

ఈ కేసు నా దగ్గరికి పదిహేడేళ్ల అబ్బాయి పేరు మీద వచ్చింది. గుండె దడ, చదువు మీద ధ్యాస లేకపోవడం అని చీటీలో రాసి ఉంది. నెల తిరక్కుండానే అదే ఇంటి నుంచి డెబ్బై అయిదేళ్ల తాతగారి పేరు మీద ఇంకో కేస్ షీటు తెరవాల్సి వచ్చింది. ఇద్దరినీ వేరువేరు డాక్టర్లు చూసి ఉంటే మందులు అందేవి గానీ, అసలు పని జరిగేది కాదని నా అభిప్రాయం.

ఇద్దరికీ ఈ వ్యాసం చదివి వినిపించి అనుమతి తీసుకున్నాను. అబ్బాయికి ఇప్పుడు పద్దెనిమిది నిండాయి. ఊరు, కుటుంబం, సైనిక దళం గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను.

అబ్బాయి

వాళ్లది ప్రకాశం జిల్లాలో దర్శి వైపు ఒక పల్లె. సాగర్ కుడి కాలువ కింద కొంత మాగాణి, మిగతాది మెట్ట. అబ్బాయి ఇంటర్ ఎంపీసీ, రెసిడెన్షియల్ కాలేజీ. మొదటి సంవత్సరం జనవరిలో ఒక వారాంతపు పరీక్షలో ఓఎంఆర్ షీటు, అంటే జవాబుల గడులు నింపే కాగితం, ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పెన్ను పట్టుకున్న చెయ్యి కదల్లేదు. గుండె గొంతులోకి వచ్చినట్టయింది, అరచేతులు తడిసిపోయాయి, ప్రాణం పోతోందనే అనుకున్నాడు. హాలు వదిలి బయటికి పరిగెత్తాడు. తర్వాతి పరీక్షల్లో పరిగెత్తడం మానేసి ఇంకో దారి వెతుక్కున్నాడు. సమయం అయిపోయేదాకా కూర్చుని ఖాళీ షీటు ఇచ్చి వచ్చేవాడు. ఇంటికి ఫోను చేసినప్పుడు మాత్రం "బాగానే రాశాను నాన్నా, మార్కులే తక్కువ వస్తున్నాయి" అనేవాడు.

ఈసీజీ, థైరాయిడ్, రక్తపరీక్ష సక్రమంగానే ఉన్నాయి. ఉన్నట్టుండి వచ్చి పది నిమిషాల లోపే తారస్థాయికి చేరి తగ్గిపోయే ఈ దాడులు, మళ్లీ ఎక్కడ వస్తాయోనని రోజంతా కాచుకుని ఉండటం, ఆ భయంతో పరీక్షను తప్పించుకోవడం అన్నీ పానిక్ డిజార్డర్ వైపే చూపాయి.

చచ్చిపోవాలనిపించిందా అని నేరుగా అడిగాను. ఇంటర్ చదివే పిల్లల్ని ఈ ప్రశ్న అడక్కుండా పంపకూడదు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని పెద్దవాళ్లు భయపడతారు. అలా జరగదు. అడిగే మనిషి దొరికినందుకు పిల్లలు స్థిమితపడతారు. "నేను లేకపోతే వీళ్లకు ఫీజులైనా మిగులుతాయని అనుకున్నాను" అన్నాడు. ఎలా అన్న దాకా ఆలోచన పోలేదు. ఈ మాట తల్లికి చెప్పక తప్పదని అతనికి ముందే చెప్పి, అతని ఎదుటే చెప్పాను. రైతు ఇల్లు కనుక పురుగుమందు డబ్బాలన్నీ ఆ రోజే ఇంట్లోంచి తీయించాను. మా జిల్లాలో ఏ పల్లె ఇంటికైనా నేను చెప్పే మొదటి జాగ్రత్త ఇదే.

ఆ మొదటి రోజు గదిలో తల్లి, తండ్రి, తాతగారు కూడా ఉన్నారు. తండ్రి కొడుకు వంక చూసి, "మిలటరీ వాడి మనవడివి, నీకు భయమేమిటిరా?" అన్నాడు. కోపంతో అన్న మాట కాదు, నిజంగా ధైర్యం చెబుతున్నాననే అనుకున్నాడు. ఆ మాట పూర్తి కాకముందే తాతగారు కుర్చీలోంచి లేచి బయటికి వెళ్లిపోయారు. బాత్రూమ్‌కేమో అనుకున్నారు ఇంట్లోవాళ్లు. ఆయన వరండాలో గోడకు ఆనుకుని నిలబడి ఉండటం నాకు తలుపు సందులోంచి కనిపించింది. నోట్సులో ఆ విషయం రాసి కింద గీత గీశాను.

తర్వాతిసారి అబ్బాయి ఒక్కడే ఉన్నప్పుడు నిద్ర గురించి అడిగాను. "తాతయ్యతో పాటు వసారాలో పడుకుంటాను. తాతయ్య రాత్రిళ్లు అరుస్తాడు. అరిచాక ఇంక ఇద్దరికీ నిద్ర పట్టదు" అన్నాడు. ఎన్నాళ్ల నుంచి అంటే, నాయనమ్మ పోయిన దగ్గర్నుంచి అన్నాడు. ఈ వేసవిలో బాగా ఎక్కువైందట.

తాతగారు

ఆయన పద్దెనిమిదో ఏట, 1968లో, సైన్యంలో చేరారు. బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో శిక్షణ. ఆ దళం జవాన్లను సైన్యంలో 'తంబీలు' అంటారు. వంతెనలు కట్టడం, దారులు వేయడం, మందుపాతరలు పరచడం, తీయడం వాళ్ల పని. పెన్షన్‌కు సరిపడా సర్వీసు చేసి, హవల్దారుగా ఇంటికొచ్చి వ్యవసాయం చేసుకున్నారు. ఊళ్లో అందరికీ మిలటరీ తాత. ఏటా ఆగస్టు 15న బడిలో జెండా కింద నిలబెట్టి 1971 యుద్ధం గురించి చెప్పమంటారు. ముంజేతి మీద పాత మచ్చ ఒకటి ఉంది. శత్రువు కాల్పుల్లో తగిలిందని ఊరంతా చెప్పుకుంటారు. ఆయన ఎన్నడూ అవునని అనలేదు, కాదనీ అనలేదు.

ముసలివాళ్లు రాత్రి అరుస్తున్నారంటే ఇంట్లోవాళ్లకు మతిమరుపు జబ్బో, గాలి సోకడమో గుర్తొస్తుంది. ఈయనను దర్గాకు కూడా తీసుకెళ్లి వచ్చారు. డాక్టరుగా నాకు మాత్రం ఈ వయసులో రాత్రి అరుపు వెనుక చాలా కారణాలు కనిపిస్తాయి: మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వల్ల వచ్చే తికమక, గురకతో ఊపిరి ఆగడం, మూర్ఛ, కొన్ని రకాల బీపీ మాత్రలు, మద్యం. వీటన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది ఇంకొకటి ఉంది. కలలు వచ్చే నిద్రలో మామూలుగా ఒంట్లోని కండరాలు వదులై కదలిక లేకుండా ఉంటాయి. ఆ ఏర్పాటు చెడితే మనిషి కలలో చేసే పనినంతా మంచం మీద చేసేస్తాడు, తంతాడు, కొడతాడు, కేకలేస్తాడు. ఇది కొందరిలో పార్కిన్సన్స్ వ్యాధికి ఏళ్ల ముందే వచ్చే సూచన. అందుకే వాసన తెలుస్తోందా, మలబద్ధకం ఉందా, నడక మారిందా, చేతులు బిగుసుకుంటున్నాయా అని వివరంగా చూశాను. అవేవీ లేవు. జ్ఞాపకశక్తి పరీక్షలో వయసుకు మించిన లోపం లేదు. అయినా ఈ అనుమానాన్ని పూర్తిగా కొట్టేయలేదు, ఆరు నెలలకోసారి చూస్తున్నాను.

దారి చూపించినవి పగటి అలవాట్లు. ఆయన చేలో నడిచేటప్పుడు గట్టు దిగరు. దిగితే ముందున్న మనిషి అడుగులోనే అడుగు వేస్తారు. పడావు పడిన పొలంలోకి పిల్లలు పరిగెత్తితే అంత నెమ్మదస్తుడూ కేకలు వేసి వెనక్కి రప్పిస్తారు. పాములుంటాయని చెబుతారు. టైరు పేలినా, టపాకాయ పేలినా వెంటనే నేలకు వంగిపోతారు. పీడకల ఎప్పుడూ ఒకటే. ఏమిటని అడిగితే "ఏదో మట్టి" అన్నారు, అంతకంటే చెప్పలేదు.

నలభై ఏళ్ల పైచిలుకు కాపురంలో భార్య ఈ జబ్బును తనకు తోచినట్టు కాచుకుంది. ఆయన అరిస్తే భుజం తట్టేది కాదు. మంచం కాళ్ల వైపు దూరంగా నిలబడి, దీపం వేసి, ఊరి పేరు చెప్పి "ఇంట్లోనే ఉన్నావు, లే" అనేదట. సంగతి తెలియని కోడలు ఒకసారి భుజం పట్టి కుదిపి చెంప మీద దెబ్బ తింది. ఆ దెబ్బ కొట్టింది తానేనని పొద్దున తెలిసి ఆయన రెండు రోజులు అన్నం తినలేదు. యుద్ధ పీడకలలున్న మనిషిని ఎలా లేపాలో నేను కుటుంబాలకు నేర్పేది సరిగ్గా ఆ ఇల్లాలు చేసిన పద్ధతే: తాకవద్దు, వెలుతురు ఇవ్వండి, కాళ్ల వైపు నుంచి పిలవండి, ఎక్కడున్నాడో చెప్పండి. ఆమె చనిపోవడంతో ఆయన మందు పోయింది.

వేసవిలో ఎందుకు ఎక్కువైందో టీవీ చెప్పింది. 2025 మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైంది. ఆ వారమంతా వార్తల వెనకాల సైరన్ మోగుతూనే ఉంది. అలా మోగించవద్దని కేంద్రం చానళ్లకు సూచించాల్సి వచ్చింది కూడా. తాతగారికి కుడి చెవి సరిగా వినపడదు కనుక ఆ ఇంట్లో టీవీ ఎప్పుడూ పెద్దగానే ఉంటుంది. నేను చేసిన మొదటి చికిత్స వార్తలు ఆపించి పేపరు చదవమనడం, వినికిడి పరీక్షకు పంపడం.

రోగ నిర్ధారణ పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన ఘటన తర్వాత ఏళ్ల తరబడి మనసును వదలని గాయం. ఈ జబ్బు అమెరికన్ సైకియాట్రీ వర్గీకరణలోకి ఆ పేరుతో చేరిందే 1980లో. 1972లో ఈయన ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా చెప్పడానికి పేరు ఉండేది కాదు. దీనికి వాడే సెర్‌ట్రాలిన్ అనే మందు 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 50కి పెంచాను. ఈ వయసువాళ్లలో ఆ మందుతో రక్తంలో సోడియం పడిపోవచ్చు. పైగా ఆయన బీపీకి నీరు పోయే మాత్ర వేసుకుంటున్నారు, అది కలిస్తే ప్రమాదం ఎక్కువ. అందుకని బీపీ మాత్ర మార్పించి, మొదటి వారాల్లోనే సోడియం చూపించాను. పీడకలలకు ప్రాజోసిన్ (బీపీని తగ్గించే మందు) ఇవ్వవచ్చు కదా అని తోటి డాక్టరు ఒకరు అడిగారు. మాజీ సైనికుల మీద జరిగి 2018లో వెలువడిన పెద్ద అధ్యయనంలో అది ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగని తేలలేదు. లేచి నిలబడగానే బీపీ పడిపోయే డెబ్బై అయిదేళ్ల మనిషికి తుంటి విరిగే ముప్పు ఎందుకని ఇవ్వలేదు. నిద్రమాత్రలూ ఇవ్వలేదు.

బయటపడిన తీరు

ఆ కలలో ఏముందో చెప్పమని నేను ఒత్తిడి చేయలేదు. మనసులో ఉన్నదంతా ఒక్కసారి కక్కించేస్తే బరువు దిగుతుందన్న నమ్మకం మన దగ్గర గట్టిగా ఉంది. ఘటన జరిగిన వెంటనే ఒక్క విడతలో అంతా చెప్పించే పద్ధతి పీటీఎస్‌డీని ఆపదని పరిశోధనలు తేల్చాయి, కొందరికి హాని కూడా జరిగింది. అయిదు దశాబ్దాలు దాచుకున్న మనిషిని తొందరపెట్టే హక్కు నాకు లేదు.

తలుపు తీసింది ఒక మామూలు ప్రశ్న. అబ్బాయి ఇంట్లో బీరువా సర్దుతుంటే తాతగారు సైన్యం నుంచి వచ్చేసినప్పటి డిశ్చార్జి పుస్తకం దొరికింది. అందులో సొంత జిల్లా నెల్లూరు అని ఉంది. "తాతయ్యా, మనది నెల్లూరు అని రాశారేమిటి?" అని అడిగాడు. ఆయన నవ్వి, తాను చేరినప్పుడు ప్రకాశం జిల్లానే లేదని, 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల ముక్కలు కలిపి చేశారని, పంజాబులో ఉన్నప్పుడు మా ఊరు జిల్లా మారిందని ఉత్తరం వచ్చిందని చెప్పారు. ఆ సాయంత్రం నుంచి అబ్బాయి రోజూ ఒక ప్రశ్న అడగడం మొదలుపెట్టాడు. నా దగ్గరికి వచ్చినప్పుడు అది చెప్పాడు. యుద్ధం గురించి అడగవద్దని, పని గురించి అడగమని సలహా ఇచ్చాను. ఏం చేసేవారు, ఏ పనిముట్లు వాడేవారు, ఎలా నేర్చుకున్నారు లాంటివి.

ఒకసారి ఇద్దరూ కలిసి వచ్చారు. మందుపాతర ఎలా వెతుకుతారో నాకు చూపించమని అబ్బాయే అడిగాడు. తాతగారు నా బల్ల మీది పెన్ను తీసుకుని, పరీక్ష చేసే మంచం మీది దుప్పటి దగ్గరికి వెళ్లి వంగారు. పెన్నును నిలువుగా గుచ్చలేదు. బాగా వాల్చి, ముప్పై డిగ్రీలు ఉంటుందేమో, మెల్లగా లోపలికి తోశారు. నిలువుగా గుచ్చితే మందుపాతర నెత్తి మీద నొక్కినట్టవుతుందని, వాల్చి తోస్తే దాని పక్క తగులుతుందని చెప్పారు. ఎడమచేతి వేళ్లు దుప్పటిని నిమురుతూ ముందు వెళ్తున్నాయి, కుడిచేతి పెన్ను వాటి వెనకాల వెళ్తోంది. వేలెడంత జరగడం, మళ్లీ గుచ్చడం. ఆయన ఊపిరి కూడా ఆ లెక్కకే నడుస్తోంది. దుప్పటి సగానికి వచ్చాక చెయ్యి ఆగిపోయింది. కాసేపు అలాగే ఉన్నారు. తర్వాత మనవడి వంక చూసి, "నీకు పరీక్షలో ఆగిపోయినట్టే నాకూ ఆగిపోయింది నాయనా" అన్నారు.

నేను మాట్లాడలేదు. ఆయన చెబుతున్నది నాకు కాదు.

ఊరికి తెలిసిన కథ 1971 డిసెంబరుది. పాకిస్తాన్ వైపు శకర్‌గఢ్ ప్రాంతం, బసంతర్ నది, ట్యాంకుల కోసం మందుపాతరల మధ్య దారి చేయడం, అరుణ్ ఖేత్రపాల్ ప్రాణమిచ్చి పరమవీరచక్ర పొందిన పోరు. ఆ కథలో తాతగారు దాచిందేమీ లేదు. దాచింది తర్వాతి ఏడాదిది. 1972 జూలై 2న పాకిస్తాన్‌తో సిమ్లా ఒప్పందం కుదిరింది. పట్టుకున్న భూమి తిరిగి ఇచ్చి డిసెంబరుకల్లా సేనలు పాత సరిహద్దుకు వచ్చేయాలి. ఆలోగా, యుద్ధంలో పరిచిన మందుపాతరలు తీయాలి. తుపాకీ మోత లేదు, శత్రువు లేడు. బీడు పడ్డ గోధుమ చేను, రెండు తెల్ల టేపుల మధ్య సన్నటి దారి.

ఆ దారిలో బోర్లా పడుకున్న ఇరవై రెండేళ్ల కుర్రవాడి చెయ్యి ఒక పొద్దున కదల్లేదు. వెనకున్న స్నేహితుడు, శిక్షణ నాటి నుంచి తోడున్నవాడు, సంగతి గమనించాడు. "వెనక్కి పో తంబీ, నేను చూస్తాను" అని తన వంతు రాకముందే ముందుకు పాకాడు. ఈయన టేపు చివరికి చేరేలోగా పేలింది. ముంజేతి మచ్చ అప్పటిది. స్నేహితుడు బతకలేదు. విచారణలో, టేపు తేవడానికి వెనక్కి వచ్చానని ఈయన చెప్పారు. ఎవరూ రెండోసారి అడగలేదు.

"చెయ్యి ఆగిందని చెప్పలేకపోయాను" అన్నారు. అప్పుడు అబ్బాయి, కాస్త ఆగి, "నేనూ ఖాళీ షీటు ఇచ్చి రాశానని చెప్పాను తాతయ్యా" అన్నాడు. అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ చెప్పని మాట అది.

అపరాధ భావంతో పని

అబ్బాయి వెంటనే "అందులో నీ తప్పేముంది తాతయ్యా?" అన్నాడు. ప్రేమతో అన్నదే. తాతగారు ముడుచుకుపోయారు. ఈ మాట తొందరగా అంటే వినేవాడికి అవతలి మనిషి సంగతి ముగించేస్తున్నాడని అనిపిస్తుంది. అందుకే తర్వాతి వారాల్లో మేము తప్పా కాదా అన్న వాదనలోకి పోలేదు. ఆ పొద్దున ఎవరికి ఏం తెలుసో ఒక్కొక్కటీ పేర్చుకుంటూ వెళ్లాం. పాకేవాళ్లను కొంతసేపటికోసారి మార్చడం పద్ధతే కదా? పద్ధతే. ఎందుకు? అలసిన చెయ్యి ప్రమాదం కనుక. మరి ఆగిపోయిన చెయ్యి అలాగే గుచ్చి ఉంటే? ఆయన చాలాసేపు ఆలోచించి, "ఇద్దరం పోయేవాళ్లం" అన్నారు. ఆ మందుపాతర అక్కడ ఉందని వెనక్కి వచ్చేటప్పుడు ఆయనకు తెలియదు. ముందుకు పోయిన స్నేహితుడికీ తెలియదు.

ఇలా పేర్చాక ఒక సంగతి విడివడింది. ఇన్నేళ్లూ చావు, అబద్ధం రెండూ ఒకే మూటగా ఆయన నెత్తిన ఉన్నాయి. చావుకు ఆయన కారణం కాదు. అబద్ధం మాత్రం ఆయనదే. దాన్ని కాదనడానికి నేను ప్రయత్నించలేదు, ఆయనా ఒప్పుకోరు. తనది కానిది దించుకున్న మనిషి తనదైనదాన్ని మోయగలడు. ఏటా జెండా కింద నిలబడటం ఆయనకు ఎందుకంత శిక్ష అయిందో నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. ఊరు వేసే ప్రతి దండా ఆ అబద్ధం మీద పడేది.

మనవడికి జరిగిన మేలు కూడా ఇక్కడే ఉంది. ఆ ఇంట్లో ఇన్నాళ్లూ ధైర్యం కథలే వినిపించాయి. భయపడిన పిల్లవాడికి అలాంటి కథ ఎంత గొప్పదైతే అంత హాని, ఆ వంశంలో తానొక్కడే పిరికివాడని తేల్చుకుంటాడు. చెయ్యి ఆగిపోయిన తాత మరుసటి వారం మళ్లీ ఆ దారిలోకి దిగాడని, సర్వీసు పూర్తి చేశాడని విన్నాక అబ్బాయి అడిగిన మొదటి ప్రశ్న "మళ్లీ ఎలా దిగావు?" అని. తాతగారు, "వేలెడంత చూసుకున్నాను, మిగతా చేను చూడలేదు" అన్నారు.

పానిక్ చికిత్సలో మేము చేయించేది దాదాపు అదే. మెట్లెక్కించి, ఒకే చోట గిరగిరా తిప్పి గుండె దడను కావాలని తెప్పించి, అది ప్రాణం తీయదని ఒంటికి నేర్పడం. తర్వాత ఇంట్లో అయిదు ప్రశ్నల పేపరు, ఆపై గడియారం పెట్టుకుని పూర్తి పేపరు, ఆపై తెలియని హాల్లో. దడ వచ్చినా లేవకూడదు, తగ్గేదాకా కూర్చోవాలి. తాతగారు పక్క కుర్చీలో కూర్చునేవారు. పక్కన మనిషి ఉండటమే ఊతకర్రగా మారుతుంది కనుక కొన్నాళ్లకు ఆయనను వరండాలోకి, తర్వాత ఇంటికే పంపించేశాను. అబ్బాయికి మందులు అవసరం కాలేదు. హాస్టలు మాన్పించి ఇంటి నుంచి వెళ్లి వచ్చే కాలేజీలో చేర్చారు. దడ ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది, షీటు మాత్రం ఖాళీగా ఇవ్వడం లేదు.

తాతగారికి దాదాపు ప్రతి రాత్రీ వచ్చే కల ఇప్పుడు వారానికి ఒకటికి తగ్గింది. వస్తే అబ్బాయి లేచి దీపం వేసి, కాళ్ల వైపు నిలబడి ఊరి పేరు చెబుతాడు. వినికిడి యంత్రం పెట్టుకోవడానికి ఆయన ఇంకా మొండికేస్తున్నారు. ఆగస్టు 15న బడికి వెళ్లారు గానీ వేదిక ఎక్కనని ముందే చెప్పి, పిల్లలతో పాటు కింద కూర్చున్నారు.

తేలనివి రెండున్నాయి. ఒకటి తండ్రి. సంక్రాంతికి తాతగారు తానే కొడుకును కూర్చోబెట్టి అంతా చెప్పారు. కొడుకు, "వాడికి చెప్పావు, నాకెందుకు చెప్పలేదు?" అని మూడు వారాలు మాట్లాడలేదు. అది న్యాయమైన బాధ. అడుగు వెనక అడుగు వేయించిన తండ్రి దగ్గర, కారణం తెలియకుండా భయంతో పెరిగింది అతనే. అతనితో విడిగా మాట్లాడటం మొదలుపెట్టాను.

రెండోది స్నేహితుడి కుటుంబానికి ఉత్తరం. తాతగారు రాయాలంటున్నారు, అబ్బాయి చిత్తుప్రతి కూడా రాశాడు. అది చదివితే తేలికయ్యేది ఎవరి మనసు, బరువెక్కేది ఎవరి మనసు అని ఇద్దరినీ అడిగాను. నిర్ణయం నాది కాదు. ముందు బెంగళూరులోని రికార్డ్స్ కార్యాలయానికి రాసి ఆ కుటుంబంలో ఎవరున్నారో కనుక్కోవాలని, వాళ్లకు ఆనాటి సంగతి తెలుసుకోవాలని ఉందో లేదో అడిగాకే మిగతాది పంపాలని ఇద్దరూ తేల్చుకున్నారు.